చలనం, బలం, శక్తి: చిన్నపిల్లలకు అంచెలంచెలుగా నేర్పే పద్ధతి

ఉయ్యాల ఊగడం వచ్చిన పిల్లలను గమనించండి. ముందుకు వెళ్లేటప్పుడు కాళ్లు చాపుతారు, వెనక్కి వచ్చేటప్పుడు ముడుస్తారు. సరైన క్షణం ఏదో వాళ్లకు ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు, శరీరమే కనిపెట్టింది. బంతి పట్టుకోవడంలోనూ, సైకిలు మలుపు తిప్పడంలోనూ ఇదే జరుగుతుంది. భౌతికశాస్త్రం తొలి పాఠాలు పిల్లల ఒంటికి అప్పటికే తెలుసు. వాటిని బయటికి తీయడం, పరీక్షించడం, ఆ తరువాత పేర్లు పెట్టడం మన పని.

ఈ పద్ధతి సుమారు అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు సరిపోతుంది. ఇంట్లో తల్లిదండ్రులైనా, తరగతిలో ఉపాధ్యాయులైనా దీన్ని పాటించవచ్చు. నేను గట్టిగా నమ్మే నియమాలు రెండున్నాయి. ఒకటి, అనుభవం ముందు, పేరు తరువాత. "ఘర్షణ అనగా..." అని మొదలైన పాఠం పిల్లల నోటికి వస్తుంది కానీ బుర్రకు ఎక్కదు. రెండోది ఇంతకంటే ముఖ్యం. చిన్నపిల్లలు కదా అని తరువాత చెరిపేయవలసిన మాట చెప్పవద్దు. "వస్తువు కదలాలంటే బలం కావాలి" అన్న వాక్యం చాలా సులభంగా వినిపిస్తుంది, కానీ తప్పు. "వస్తువు కదలిక మారాలంటే బలం కావాలి" అన్నది ఒప్పు. రెండూ అంతే చిన్నవి, రెండూ ఆరేళ్ల పిల్లలకు అర్థమవుతాయి. అలాంటప్పుడు ఒప్పునే చెబుదాం. మొదటి వాక్యాన్ని నమ్మి పెరిగిన పిల్లలు ఉన్నత పాఠశాలలో న్యూటన్ మొదటి నియమం దగ్గర ఎంత తికమక పడతారో ఆ తరగతులు చెప్పేవారికి బాగా తెలుసు.

సిద్ధం చేసుకోవలసినవి

మీటరు పొడవున్న నున్నటి చెక్కపలక లేదా గట్టి అట్ట, ఎత్తు పెట్టడానికి పుస్తకాలు, చక్రాలు తేలికగా తిరిగే బొమ్మకారు, రెండు మూడు గోళీలు, కాగితపు కప్పు, తువ్వాలు, దారం, మెత్తటి బంతి, బెలూన్లు, సన్నటి గొట్టం ముక్క, కొలిచే టేపు, సుద్దముక్క, సెకన్లు చూపే గడియారం. ఇవి చాలు. ఖరీదైన ప్రయోగ పెట్టెలు కొనవలసిన పని లేదు. వాటిలో చాలావరకు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది కాబట్టి పిల్లలు ఊహించడానికి ఏమీ మిగలదు.

జాగ్రత్త విషయంలో మాత్రం రాజీ పడవద్దు. మూడేళ్లలోపు పిల్లలు ఉన్నచోట గోళీలు, పగిలిన బెలూన్ ముక్కలు అందుబాటులో ఉండకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. అయస్కాంతాలు వాడితే పెద్దవే వాడండి. చిన్నవైన, బలమైన అయస్కాంతాలను ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణాపాయం తెస్తాయి.

పిల్లలను కూర్చోబెట్టేది ఒక్కోసారికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉంటే మంచిది. ఇక్కడ చెప్పే అంచె ఒక్కొక్కటీ రెండు మూడు రోజులకు సరిపడేంత ఉంటుంది, తొందరపడవద్దు.

మొదటి అంచె: కదలికను చూడటం, చెప్పడం

కారణాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు కదలికల రకాలను వేరు చేయనివ్వండి. నేరుగా వెళ్లేవి, గుండ్రంగా తిరిగేవి, ఉన్నచోటే గిరగిర తిరిగేవి, అటూ ఇటూ ఊగేవి. పిల్లలే ఆ కదలికలను ఒంటితో చేసి చూపితే ఇంకా మంచిది.

తరువాత వేగం. ఇక్కడ పెద్దలు గమనించని చిక్కు ఒకటుంది. చిన్నపిల్లలు చాలాసార్లు "ముందున్నదే వేగంగా వెళ్లింది" అనుకుంటారు. ఒక కారును మరోదానికంటే చాలా వెనక నుంచి వదలండి. రెండూ ఒకేసారి బయలుదేరి ఒకేసారి ఆగాయి, వెనకది ఇంకా కాస్త వెనకే ఉంది. ఏది వేగంగా వెళ్లిందని అడిగితే ముందువైపు ఆగి ఉన్నదాన్ని చూపిస్తారు. దిద్దకండి. రెండు కార్లు వెళ్లిన దారులను సుద్దతో గీయించి, ఆ గీతల మీద దారం పరిచి కొలిపించండి. ఏ దారం పొడవుగా వచ్చిందో చూశాక మళ్లీ అదే ప్రశ్న వేయండి. ఒకే సమయంలో ఎక్కువ దూరం వెళ్లినది వేగమైనది అన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

రెండో అంచె: నెట్టడం, లాగడం

బలం అంటే ఈ వయసులో నెట్టడం లేదా లాగడం. అంతకు మించిన నిర్వచనం అక్కరలేదు. ఒక బంతితో బలం ఏమేం చేయగలదో పిల్లల చేతనే వెతికించండి. ఆగి ఉన్నదాన్ని కదిలిస్తుంది, కదిలేదాన్ని ఆపుతుంది, వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది, దారి మళ్లిస్తుంది, నొక్కితే ఆకారం కూడా మారుస్తుంది.

ఇక ఒక అలవాటు నేర్పండి. ఇది ఈ మొత్తం పద్ధతికి వెన్నెముక. బలం గురించి మాట్లాడిన ప్రతిసారీ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పించండి: ఏది నెడుతోంది? దేన్ని నెడుతోంది? ఎటువైపు? "కాలు బంతిని ముందుకు నెట్టింది." "నేల చక్రాన్ని వెనక్కి లాగింది." "భూమి ఆకును కిందికి లాగింది." మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా అక్కడ బలం ఉందని ఒప్పుకోవద్దు. బొమ్మ గీసేటప్పుడు బాణం గుర్తు వేయించండి. గట్టిగా నెడితే పొడవు బాణం, మెల్లగా నెడితే పొట్టి బాణం.

ఈ అలవాటు ఎందుకంత అవసరమో గాలిలోకి విసిరిన బంతి దగ్గర తెలుస్తుంది. "బంతి పైకి వెళ్తోంది, ఇప్పుడు దాన్ని పైకి నెడుతున్నది ఏది?" అని అడగండి. "చేయి" అంటారు. "చేయి ఇక్కడే ఉంది కదా, బంతి అక్కడుంది" అనండి. "చేతి బలం బంతిలోకి వెళ్లింది" అని సమాధానం వస్తుంది. దీనికి పిల్లలను తప్పుపట్టడానికి లేదు. విసిరిన వస్తువు ఎందుకు కదులుతూ ఉంటుందన్న ప్రశ్నకు క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్, చుట్టూ ఉన్న గాలే నెడుతోందన్నాడు. ఆ తరువాత వచ్చినవారిలో కొందరు, విసిరినవాడు వస్తువులోకి ఏదో ఎక్కిస్తాడని, అది కరిగేదాకా వస్తువు కదులుతుందని వాదించారు. న్యూటన్ తన చలన నియమాలను 1687లో ప్రకటించేనాటికి రెండు వేల ఏళ్లు గడిచాయి. ఇంత మంది మేధావులు ఇన్నాళ్లు తలపట్టుకున్న ప్రశ్న మీ పిల్లలు ఒక్క సాయంత్రంలో తేల్చలేకపోతే విసుక్కోవద్దు. మూడు ప్రశ్నలే మళ్లీ అడగండి. చేయి వదిలాక బంతిని తాకుతున్నది గాలి ఒక్కటే, దూరం నుంచి లాగుతున్నది భూమి ఒక్కటే. చేతి బలం బంతితో పాటు వెళ్లలేదు, బంతికి వచ్చిన కదలిక మాత్రం దానితోనే ఉంది. ఆ కదలికను భూమి క్షణక్షణం తగ్గిస్తోంది.

తాకకుండా పనిచేసే బలం ఉంటుందా అన్న అనుమానానికి అయస్కాంతాన్ని చూపండి. దారానికి కట్టిన పిన్నును కొంచెం దూరం నుంచి లాగడం చూశాక, భూమి తాకకుండా లాగుతుందన్న మాట అంత వింతగా అనిపించదు.

మూడో అంచె: ఘర్షణ

నా దృష్టిలో మొత్తం పాఠంలో గొప్ప భాగం ఇదే. ఇక్కడ ఎక్కువ సమయం ఇవ్వండి.

పలకను మూడు పుస్తకాల ఎత్తున వాలుగా ఆనించండి. బొమ్మకారును పై అంచు నుంచి నెట్టకుండా వదలాలి, ఊరికే చేయి తీసేయాలి. కారు దిగి నేల మీద కొంతదూరం వెళ్లి ఆగుతుంది. ఆగినచోట సుద్దగీత గీసి, దూరం కొలిచి రాయండి. ఇప్పుడు వాలు కింద తువ్వాలు పరచండి. వదలడానికి ముందు "ఈసారి ఎక్కడ ఆగుతుంది?" అని అడిగి, పిల్లలు చూపిన చోట ఒక గుర్తు పెట్టండి. ఊహించిన తరువాతే వదలాలి. ఊహకు గుర్తు పెట్టినప్పుడే పిల్లలకు ఫలితం మీద ఆసక్తి పుడుతుంది, ఊహ తప్పినప్పుడే ఆలోచన మొదలవుతుంది. తువ్వాలు, పరుచుకునే చాప, నున్నటి నేల, గరుకు అట్ట, ఒక్కొక్కదాని మీద మూడేసి సార్లు వదలండి. మూడు కొలతలూ ఒకేలా రావు. కారణం పిల్లలనే వెతకనివ్వండి. చేయి కాస్త నెట్టిందా, కారు పక్కకు తిరిగిందా? మూడింటిలో మధ్యనున్న కొలతను లెక్కలోకి తీసుకోవడం నేర్పండి.

ఒక నియమం మాత్రం ముందే చెప్పి ఉంచండి. ఒక్కసారికి ఒక్క మార్పే. నేల మారిస్తే పుస్తకాల ఎత్తు మార్చకూడదు, కారు మార్చకూడదు. పిల్లలు దీన్ని ఆటలో న్యాయంగా ఆడటంగా వెంటనే అర్థం చేసుకుంటారు. రెండు మార్పులు ఒకేసారి చేసిన తోటివారిని వాళ్లే పట్టుకుంటారు కూడా.

కొలతలన్నీ వరుసగా రాశాక అసలు ప్రశ్న వేయండి: "ఇంకా నున్నటి నేల ఉంటే?" ఇంకా దూరం వెళ్తుందంటారు. "అంతకంటే నున్నటిదైతే?" ఇంకా దూరం. "అసలు గరుకే లేని నేల, గాలి కూడా లేని చోటు అయితే?" ఇక్కడ ఆగండి. జవాబు చెప్పవద్దు. కొంతసేపటికి ఎవరో ఒకరు "ఆగనే ఆగదు" అంటారు. పదిహేడో శతాబ్దపు తొలినాళ్లలో గెలీలియో వాలుపలకల మీద గోళాలను దొర్లిస్తూ చేరిన ఆలోచన అదే. అప్పుడు పేరు చెప్పండి: కారును ఆపింది ఘర్షణ. కారు "అలసిపోయి" ఆగలేదు, నేల, గాలి, ఇరుసు దాన్ని వెనక్కి లాగాయి.

ఘర్షణ మన శత్రువన్న భావం కలగకుండా చూడండి. సబ్బు చేతులతో సీసా మూత తీయమని అడగండి, తరువాత పొడి చేతులతో. నడిచేటప్పుడు పాదం నేలను వెనక్కి నెడుతుంది, నేల మనల్ని ముందుకు నెడుతుంది. ఘర్షణ లేకపోతే ఒక్క అడుగు పడదు.

నాలుగో అంచె: కింద పడటం

ఒక పుస్తకం, దానికంటే చిన్న కాగితం తీసుకుని ఒకే ఎత్తు నుంచి పక్కపక్కన ఒకేసారి వదలండి. పుస్తకం ముందు పడుతుంది. "బరువైనది కాబట్టి" అంటారు. సరే, అదే కాగితాన్ని గట్టిగా ఉండచుట్టి మళ్లీ వదలండి. కాగితం బరువు మారలేదు, కానీ ఈసారి దాదాపు పుస్తకంతో పాటే పడింది. ఇంకో కాగితం విప్పినది తీసుకుని పుస్తకం మీద పెట్టి వదలండి. రెండూ కలిసి పడతాయి, ఎందుకంటే ముందున్న గాలిని పుస్తకం తప్పించింది. కాగితాన్ని ఆలస్యం చేసింది బరువు తక్కువ కావడం ఒక్కటే కాదని, గాలి అడ్డుపడిందని ఇక్కడ తేలుతుంది.

దీని తరువాత చంద్రుడి కథ చెప్పండి. 1971 ఆగస్టులో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేతిలోంచి సుత్తిని, ఇంకో చేతిలోంచి డేగ ఈకను ఒకేసారి వదిలాడు. అక్కడ గాలి లేదు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. చంద్రుడి లాగుడు భూమి లాగుడులో ఆరో వంతే కాబట్టి మెల్లగా పడ్డాయి, కానీ కలిసి పడ్డాయి. ఆ చిత్రీకరణ దొరికితే కాగితం ప్రయోగం అయ్యాకే చూపించండి. ముందే చూపిస్తే అది వింతగా మిగులుతుంది, తరువాత చూపిస్తే రుజువుగా నిలుస్తుంది.

"భూమికి అవతలివైపు ఉన్నవాళ్లు పడిపోరా?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. గుండ్రటి బంతి మీద నాలుగు వైపులా మనుషుల బొమ్మలు అతికించి, ఒక్కొక్కరి కిందికి బాణం గీయమనండి. కింద అంటే భూమి మధ్యవైపు అని బాణాలే చెబుతాయి. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలుతున్నారు కాబట్టి అక్కడ భూమి లాగడం లేదని మాత్రం చెప్పకండి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఆ లాగుడు నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ వాళ్లూ కలిసి పడుతూనే భూమిని చుట్టి వస్తున్నారు, అందుకే తేలుతున్నట్టుంటారు.

బల్ల మీద కదలకుండా ఉన్న పుస్తకం మీద బలాలేవీ లేవని పిల్లలు అనుకుంటారు. రెండు పుస్తకాల దొంతరల మధ్య సన్నటి స్కేలు పెట్టి దాని మీద బరువు ఉంచండి. స్కేలు వంగుతుంది. వేలితో అలాగే వంచితే స్కేలు వేలిని పైకి నెట్టడం తెలుస్తుంది. బల్ల కూడా కంటికి కనిపించనంత కొద్దిగా వంగి పుస్తకాన్ని పైకి నెడుతోంది. పైకీ కిందికీ సమానం కాబట్టి కదలిక మారడం లేదు.

ఇక్కడే బెలూన్ రాకెట్ చేయండి. గొట్టంలోంచి దారం దూర్చి రెండు కుర్చీలకు బిగుతుగా కట్టి, గాలి నింపిన బెలూన్‌ను గొట్టానికి అతికించి వదిలేయాలి. బెలూన్ గాలిని వెనక్కి నెట్టింది, గాలి బెలూన్‌ను ముందుకు నెట్టింది. వెనకున్న గోడనో, బయటి గాలినో నెట్టి ముందుకు వెళ్లిందని కొందరంటారు. ఆ అవసరం లేదు. గాలి లేని అంతరిక్షంలో రాకెట్లు ముందుకు వెళ్లేది ఈ తీరుగానే.

అయిదో అంచె: శక్తి

బలాన్ని చేత్తో పట్టి చూపవచ్చు. శక్తిని చూపలేం, అది చేసిన మార్పును మాత్రమే చూస్తాం. అందుకే దీన్ని చివర పెట్టాను. "పని చేయగల సామర్థ్యమే శక్తి" అన్న వాక్యం ఈ వయసులో పిల్లలకు ఏమీ చెప్పదు. దాని బదులు ఒక ప్రశ్న అలవాటు చేయండి: ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది?

కాగితపు కప్పుకు పక్కన గోళీ దూరేంత గుమ్మం కత్తిరించి, వాలుపలక కింది చివర బోర్లించండి. పై చివరను 10 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి గోళీని వదిలితే అది గుమ్మంలో దూరి కప్పును కొంతదూరం నెడుతుంది. ఆ దూరం కొలవండి. తరువాత 20, ఆపైన 30 సెంటీమీటర్లు. ఎత్తు పెరిగేకొద్దీ కప్పు ఎక్కువ దూరం జరుగుతుంది. అదే ఎత్తు నుంచి బరువైన గోళీని వదిలినా అంతే. ఇప్పుడు గొలుసుకట్టుగా చెప్పించండి: చేయి గోళీని ఎత్తింది, ఎత్తున ఉన్న గోళీలో శక్తి నిల్వ ఉంది, దొర్లేటప్పుడు అది కదలికగా మారింది, ఆ కదలిక కప్పుకు అందింది. మరి కప్పు ఆగిపోయింది కదా, శక్తి ఏమైంది?

అరచేతులు గట్టిగా రుద్దుకోమనండి. వెచ్చబడతాయి. కప్పు అడుగు, నేల కూడా రుద్దుకుని కాస్త వెచ్చబడ్డాయి, మన వేళ్లకు తెలియనంత కొద్దిగా. 1840లలో జేమ్స్ జౌల్ దీన్నే ఓపికగా కొలిచాడు. కిందికి దిగే బరువులతో నీటిలో తెడ్లు తిరిగేలా ఏర్పాటు చేసి, నీరు ఎంత వేడెక్కిందో చూశాడు. ఆయన పేరే శక్తిని కొలిచే ప్రమాణానికి పెట్టారు. సుమారు 100 గ్రాముల వస్తువును ఒక మీటరు పైకి ఎత్తడానికి దాదాపు ఒక జౌల్ కావాలి. పిల్లల చేత అంత బరువును ఒక మీటరు ఎత్తించి, "ఇది ఒక జౌల్" అని చెబితే ఆ మాట గుర్తుండిపోతుంది.

"బ్యాటరీలో శక్తి అయిపోయింది" అని ఇంట్లో అనుకోవడం సహజం. పాఠంలో మాత్రం "ఎక్కడికి వెళ్లింది?" అని వెంటనే అడగండి. కొంత వెలుతురుగా, కొంత శబ్దంగా, కొంత వేడిగా బయటికి వెళ్లింది, మాయం కాలేదు. చెల్లాచెదురైన దాన్ని మళ్లీ పోగు చేసుకోవడం కష్టం కాబట్టే మనం అయిపోయిందంటాం. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఈ మాట పూర్తిగా అందుతుంది. పిల్లల ఒంట్లోని శక్తి ఎక్కడిదో వెనక్కి వెతికితే తిండి, తిండికి వెనక మొక్కలు, మొక్కలకు వెనక సూర్యుడు. ఈ గొలుసు వాళ్లకు చాలా ఇష్టం, ఎంతసేపైనా అడుగుతారు.

ఒక ధైర్యపు ప్రయోగం. మెత్తటి బంతిని పొడవాటి దారానికి కట్టి పైనుంచి వేలాడదీయండి. బంతిని గడ్డం దాకా లాగి, నెట్టకుండా వదిలి, కదలకుండా నిలబడాలి. బంతి తిరిగి వచ్చి గడ్డాన్ని తాకకుండానే వెనుదిరుగుతుంది. ఇచ్చినంత ఎత్తు కంటే ఎక్కువ ఎత్తుకు అది రాలేదు. ముందు ఒకసారి మీరు చేసి చూపండి, వదిలేటప్పుడు పిల్లల చేయి నెట్టడం లేదని కచ్చితంగా చూసుకోండి.

అదే దారం చేతిలో ఉండగా లోలకాన్ని కూడా కొలవండి. 25 సెంటీమీటర్ల లోలకం ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి సుమారు ఒక సెకను, మీటరు పొడవైతే సుమారు రెండు సెకన్లు పడుతుంది. పది ఊగులు లెక్కపెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. తరువాత బంతి మార్చి బరువైనది కట్టండి, పొడవు మాత్రం అదే. సమయం మారదు. ఎంతమంది మారుతుందని ఊహిస్తారో చూడండి.

అర్థమైందో లేదో తెలుసుకోవడం

నిర్వచనాలు అప్పజెప్పించవద్దు. వాళ్లు ఎన్నడూ చూడని సందర్భం ఇచ్చి చూడండి. అట్టలు, గొట్టాలు, గోళీలు ఇచ్చి, ఒక గోళీ చివరికి గంట మోగించేలా దారి కట్టమనండి. కట్టాక మూడు చోట్ల ఆపి అడగండి: ఇక్కడ గోళీని ఏది, ఎటు నెడుతోంది? గంట శబ్దానికి శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? గోళీ గంట దాకా రాకపోతే ఏం మారుస్తావు? ఎత్తు పెంచుతామన్నా, గరుకు తగ్గిస్తామన్నా వాళ్లకు అందినట్టే.

పైకి విసిరిన బంతి ప్రశ్న కూడా మళ్లీ వేయండి. పిల్లలు పైవైపు బాణం గీస్తే రెండో అంచెకు వెనక్కి వెళ్లి మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి. కిందివైపు ఒక్క బాణం గీసి "భూమి" అని రాసి, గాలికి ఇంకో చిన్న బాణం కూడా పెట్టాలా అని అడిగితే, తరువాతి పాఠంగా గాలి అడ్డును తీసుకోండి. కాగితంతో గొడుగు చేసి, దాని వెడల్పు మారుస్తూ ఎంతసేపట్లో దిగుతుందో కొలవడం దానికి మంచి మొదలు.